పదిహేడో నంబరు బిళ్ళ

ఆగండి. ఇంకో పోస్టులోకి జారిపోకండి, కాసేపు నా మాట వినండి. నాకు గంటే ఉంది. నెల్లూరు నుంచి ఆదిశేషమ్మవ్వ మళ్ళీ ఫోన్ చేసేలోపు ఇదంతా చెప్పేయాలి. తప్పులు పడితే సర్దుకుని చదవండి, వెనక్కి పోయి దిద్దే టైము లేదు.

బోగోలు దాటి సముద్రం వైపు వస్తే ఒక రొయ్యల గుంట ఉంది. దాని గట్టు మీద, మేత బస్తా మీద కూర్చున్నాను. ఎదురుగా ఒక డకోటా, మిలిట్రీ వాళ్ళు ఒకప్పుడు సామాన్లు మోయించిన విమానం. రెక్కలు ఎప్పుడో పోయాయి, తోక మాత్రం ఇవాళే పోయింది, ఇందాకే కోసి లారీకి ఎత్తారు. మా తాత జీవానందం గుంట అంచున కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. ఆయన స్నేహితుడు టైటస్ తాత లారీ నీడలో నిలబడి రెండు చేతులతో మొహం రుద్దుకుంటున్నాడు. మూడో స్నేహితుడు హజరత్తయ్య తాత నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు, రేపు పొద్దు చూడడం కష్టమని డాక్టర్లు చెప్పారు. ఆయన నిన్నటి నుంచి అందరినీ ఒక్కటే అడుగుతున్నాడు. పానా దొరికిందా?

పానా అంటే మామూలు పానాయే, బోల్టులు తిప్పేది. దాని సంగతి చెప్పాలంటే నలభై రెండేళ్ళు వెనక్కి పోవాలి.

ఈ ముగ్గురూ ఇరవై ఏళ్ళు నిండకముందే మిలిట్రీలో చేరారు. తాతది కావలి, టైటస్ తాతది ఇక్కడే బోగోలు, హజరత్తయ్య తాతది దొరవారిసత్రం. ఎక్కడో ఈశాన్యంలో, కొండల మధ్య ఒక రన్‌వే దగ్గర ముగ్గురికీ పోస్టింగు పడింది. తాతా హజరత్తయ్య తాతా విమానాలు రిపేరు చేసే ఫిట్టర్లు, టైటస్ తాత వైర్‌లెస్. అక్కడ ఒక పద్ధతి ఉండేదట. ఒక్కో ఫిట్టరుకి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఐదు ఇస్తారు. పనిముట్ల గది గోడకి ప్రతి పానాకీ ఒక మేకు ఉంటుంది. పానా తీసుకుంటే ఆ మేకుకి మీ బిళ్ళ తగిలించాలి, తిరిగి పెట్టినప్పుడు మీ బిళ్ళ మీరు తీసుకోవాలి. బిళ్ళ వేలాడుతూ ఉందంటే పానా ఇంకా బయటే ఉందని అర్థం, అది ఎవరి బిళ్ళయితే వాడే జవాబు చెప్పాలి. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరు తీసుకోవడం పెద్ద తప్పు.

1983లో ఒక తెల్లవారుజామున ఈ డకోటాకి హడావుడిగా పని చేసి పంపించారు. తిరిగొచ్చి దిగేటప్పుడు తోకలో చుక్కాని బిగుసుకుపోయింది. విమానం రన్‌వే దాటిపోయి గుంతలో పడి ఆగింది. లోపల సామాన్లు కట్టే సుశీల్ కుమార్ అనే కుర్రాడు చనిపోయాడు, ఇరవై రెండేళ్ళు. పనిముట్ల గదికి పోయి చూస్తే ఒక మేకుకి పానా లేదు, బిళ్ళ ఉంది. పదిహేడో నంబరు. హజరత్తయ్య తాతది.

నేల పలకల కింద చుక్కానిని తిప్పే ఉక్కు తీగలు తోక దాకా పోతాయి. పని చేసినవాడు పానా అక్కడే మర్చిపోయాడు, అది తీగలకి అడ్డం పడింది అన్నారు. తోకంతా విప్పి వెతికినా పానా మాత్రం దొరకలేదు. "నేను ఆ పానా తీసుకోనే లేదు" అని హజరత్తయ్య తాత మొత్తుకున్నాడు. గోడ మీద బిళ్ళ ఉంది కదా, ఎవరు నమ్ముతారు? ఇంటికి పంపేశారు. విమానాన్ని మాత్రం బాగు చేసుకుని ఇంకొన్నేళ్ళు నడిపి, తర్వాత వేలంలో అమ్మేశారు.

దొరవారిసత్రంలో ఎవరి ఎద్దు పలుపు కనబడకపోయినా, ఎవరి గొడ్డలి పోయినా, "హజరత్తయ్య ఏ విమానంలో పెట్టి మర్చిపొయినాడో అడగండిరా" అని నవ్వేవాళ్ళట. ఆయన భార్య ఆదిశేషమ్మవ్వ కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచీ ఈ నవ్వు వింటూనే ఉంది. "నేను తీసుకోలా" అని ఆయన పదేళ్ళు చెప్పాడు. ఆ తర్వాత "తీసుకున్నానో ఏమో, గుర్తు లేదు" అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద మగత కమ్మినప్పుడల్లా సుశీల్ కుమార్‌ని పేరు పెట్టి పిలిచి క్షమించమంటున్నాడట.

నెల క్రితం మా తాత నాకు ఫోన్ చేశాడు. నేను చెన్నైలో ఇంజనీరింగు మూడో ఏడు, పాత విమానాలు ఎక్కడెక్కడ ఏమయ్యాయో వెతికి రాసుకోవడం నాకు పిచ్చి. "అబీ, ఒక విమానం ఇప్పుడు యాడుండాదో కనుక్కోగలవా?" అన్నాడు. నాకేమో పండగలా అనిపించింది, నిజం చెప్తున్నాను. వేలం కాగితం దొరికింది. కొన్న చెన్నై పాత సామాన్ల వ్యాపారి కొడుకు దొరికాడు. దాన్ని కావలి దగ్గర హైవే పక్కన ఒక హోటలుకి అమ్మామన్నాడు. అంతే, ఇవాళ పొద్దున తాత కారులో తాతా, టైటస్ తాతా, నేనూ బయల్దేరాం.

ఆ కారు స్టీరింగు గురించి చెప్పాలి. దానికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉంటాయి. తాత అరచేతులకి ఎప్పుడూ చెమట, అందుకని ఇంట్లో సుత్తికీ గడ్డపారకీ టార్చిలైటుకీ అన్నిటికీ ట్యూబు చుడతాడు.

"ఈడు మిలిట్రీలో ఉన్నప్పట్నించీ ఇంతే పాపా," అన్నాడు టైటస్ తాత వెనక సీట్లోంచి. "ఏ పానా తీసుకున్నా ముందర దానికి ట్యూబు చుట్టేది, పనైనాక విప్పేసి ఇచ్చేది. మీ అవ్వ ఎలిశబెతమ్మకి చర్చిలో ఉంగరం తొడిగేటప్పుడు, దానికి గూడా చుట్టుంటాడని మేమంతా వొంగి వొంగి చూసినాం."

"నోరు మూసుకోరా," అన్నాడు తాత. నవ్వలేదు.

హోటలు స్థలంలో ఇప్పుడు సర్వీసు రోడ్డు ఉంది. పక్కన టిఫిన్ బండి పెట్టుకున్న మహాలక్ష్మి గారిని అడిగితే అట్లకాడ ఎత్తి పట్టుకుని మరీ చెప్పింది.

"విమానం హోటలా? అది మాదే గదా! పదకొండేళ్ళు దాంట్లోనే దోసెలు పోసినా. పైలట్ కూర్చునే కాడ కూర్చోవాలని జనం కొట్టుకునేవాళ్ళు. ఎండాకాలం లోపల కూర్చున్నోడు ఇడ్లీ మాదిరి ఉడికిపొయ్యేవాడు, అయినా లేచేవాడు కాదు."

"ఇప్పుడు యాడుండాదమ్మా?" అన్నాడు తాత.

"రోడ్డు వెడల్పు జేసేటప్పుడు తీసెయ్యమన్నారన్నా. బోగోలు కాడ విజయభాస్కర్ అని రొయ్యలాయన, మేత బస్తాలు పెట్టుకుంటానని ఎత్తకపొయినాడు. అయినా మీరు ఇప్పుడు బొయ్యి ఏం జూస్తారు? దాన్ని పాత సామానోళ్ళకి అమ్మేసినాడంట. కోసే మిషన్లు ఏసుకుని పొద్దున్నే నా ముందర్నించే పొయినారు. టిఫిన్లు గూడా ఈడే కట్టించుకున్నారు."

తాత కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే కారెక్కాడు. ఆమె గ్లాసు ఇంకా మా కారులోనే ఉంది.

వచ్చేసరికి లారీ ఆగి ఉంది. నలుగురు పనివాళ్ళు ముక్కు వైపు మిషను ఆనించి కోత మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమన్నాయి. తాత చెప్పులు గట్టు మీదే వదిలేసి పరిగెత్తాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బురదలో ఒకసారి మోకాళ్ళ మీద పడి లేచి మళ్ళీ పరిగెత్తాడు. విమానం వెనక తలుపు పక్కన తుప్పు రంగూ, హోటలు పేరూ, పచ్చ రంగూ పొరలు పొరలుగా ఉన్నాయి. అక్కడ చేత్తో తడిమాడు. ఒక అతుకు ఉంది. రివెట్లు లెక్కపెట్టాడు. పదకొండు. ఏడోది వంకర.

"హజరత్ కొట్టింది ఇది," అన్నాడు. "ఈ ఏడో దాని మీద వాడికి పడిన తిట్లు ఇంకెవురికీ పడలా. ఇదే. అదే విమానం ఇది."

నేను ఎగిరాను, చప్పట్లు కొట్టాను, ఫొటోలు తీశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

గుంట యజమాని విజయభాస్కర్ గొడుగు వేసుకుని వచ్చాడు. "ఎవురు పెద్దాయనా మీరు? పక్కకి జరగండి, రేకు తెగిందంటే కాళ్ళు పోతాయి."

తాత చెప్పాడు. మిషను చప్పుడులో సగం వినపడలేదు. టైటస్ తాత అరిచి చెప్పాడు. విజయభాస్కర్ తల గోక్కున్నాడు.

"పానా కోసమా? నలభై ఏళ్ళ నాటి పానా? కొత్తది కొనిస్తా రా పెద్దాయనా, బోగోల్లో దొరుకుద్ది."

తాత ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, నీకు దండం పెడతా. ఒక మనిషి పోతా ఉండాడు. వాడు చేసినాడో చెయ్యలేదో తెలీకుండా పోతా ఉండాడు. ఒక్క పూట ఆపు."

"లారీ వాళ్ళు ఆగరు సార్, సాయంత్రంలోపు చెన్నైలో దించాలంట."

అప్పుడు టైటస్ తాత ఏం చేశాడో తెలుసా? పోయి మిషను ముందర, విమానం ముక్కుకి వీపు ఆనించి బురదలో కూర్చున్నాడు. "ముందర నన్ను కొయ్యండిరా. బరువు తక్కువే, లారీకి భారం కాను," అన్నాడు. పనివాళ్ళు నవ్వి మిషను ఆపారు. విజయభాస్కర్ కాసేపు మా తాత మొహం చూశాడు.

"సరే, తోక కాడ్నించి కొయ్యండిరా," అన్నాడు. "వాళ్ళు ఈ పక్క వెతుక్కుంటారు. మీరు కోసుకుంటా ఈ దరికి వొచ్చేలోపు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అంతకంటే నా చేతిలో లేదు సార్."

"తోకలో కదా పని చేసింది? తోకలోనే వెతకాలి కదా తాతా!" అని నేను కంగారుపడ్డాను.

"తోకలో అందరూ వెతికినారు. నేనూ వెతికినా. విమానం గుంతలో పడి ఆగినప్పుడు వదులుగా ఉండేదంతా ముందుకి జారిపోతుంది గదా అబీ. అది అప్పుడు ఎవురికీ తట్టలా. నాకు తట్టేసరికి దీన్ని వేలం ఏసేసినారు." స్క్రూలు విప్పుతూనే ఇంకో మాట అన్నాడు. "పానా దొరికితే దాని మీద తీగ కొరికిన గాటు ఉందో లేదో చూడాల. గాటు లేకపోతే ఆ బిడ్డ చావుకీ దానికీ ఏం సంబంధం లేనట్టే. హజరత్ నిమ్మళంగా కళ్ళు మూసుకుంటాడు."

లోపల మేత వాసన, రొయ్యల నీచు, నలభై డిగ్రీల ఎండ. నేల పలకల స్క్రూలు ఉప్పుగాలికి కరిచిపోయి ఉన్నాయి. తాత ఒక్కోటీ విప్పుతుంటే నేను పలక ఎత్తడం, టార్చి వేయడం. మట్టి, ఎలుక గూళ్ళు, దోసెల హోటలు నాటి స్టీలు చెంచా ఒకటి, ఎవరిదో చెవి కమ్మ. వెనక మిషను కోసుకుంటూ వస్తోంది. ఒక్కో ముక్క తెగి పడ్డప్పుడల్లా వెలుతురు మా మీదికి ఒక అడుగు జరిగేది. తాత ఏదో గొణుగుతున్నాడు, ప్రార్థనో తిట్లో తెలియలేదు. గోరు లేచిపోయి వేలి నుంచి రక్తం కారుతున్నా ఆగలేదు.

రెక్కలు తగిలే చోట రెండు దుంగల్లాంటి కమ్మీల మధ్య సందు ఉంది. తాత చెయ్యి పట్టలేదు. నేను భుజం దాకా దూర్చాను. మెత్తటి మట్టి, దాని కింద ఏదో చల్లగా తగిలింది. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను.

వచ్చింది. పానా.

"దొరికింది!" అని కేకేశాను. మిషను కూడా ఆగింది. టైటస్ తాత బురద కాళ్ళతోనే ఎక్కి వచ్చాడు. ముగ్గురం వెలుతురులోకి తెచ్చి చూశాం. దవడ పక్కన ఉక్కులో అడ్డంగా రెండు లోతైన గాట్లు, మెలికలు మెలికలుగా, తీగ పేట అచ్చు పడినట్టు. తీగే కొరికింది. ఇదే అడ్డం పడింది. పాపం హజరత్తయ్య తాత అనుకున్నాను. అప్పుడు పిడి మీది మట్టిని వేలితో తుడిచాను.

పిడికి నల్లగా, బీటలు వారి, పాకంలా అతుక్కుపోయి ఏదో చుట్టి ఉంది.

సైకిలు ట్యూబు.

నేను తాతని చూశాను. టైటస్ తాత కూడా తాతనే చూశాడు. బయట విజయభాస్కర్ "దొరికిందంటనా?" అని ఎవరినో అడుగుతున్నాడు.

"జీవా," అన్నాడు టైటస్ తాత. "ఇది నీ చుట్టే గదరా."

తాత నేల మీద కూలబడ్డాడు.

"నా బిళ్ళలు ఐదూ అయిపొయినాయి ఆ పొద్దు," అన్నాడు. "వాడు స్నానానికి పొయినాడు. చొక్కా తగిలించుండాది. జేబులో బిళ్ళ తీసుకున్నా. అరగంటలో తిరిగి పెడతాం గదా, వాడికి చెప్పేదేముందిలే అనుకున్నా. పానా ఇచ్చేసినాననే అనుకున్నారా టైటస్. ఆ దేవుడి తోడు, గోడ మీద బిళ్ళ చూసేదాకా ఇచ్చేసినాననే అనుకున్నా."

"మరి వాడు నేను తియ్యలేదు తియ్యలేదని ఏడుస్తా ఉంటే?"

"బిళ్ళ నేను తీసినానని చెప్పాలంటే... రెండు వారాల్లో నా పెళ్ళి. రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకున్నా. ఈలోపు వాణ్ణి రైలెక్కించినారు. పానా దొరికి గాటు లేకపోతే చెప్పే పనే లేదు గదా అని, నలభై రెండేళ్ళు..."

నాకు తెలిసినంతవరకు తాత ప్రతి నెలా మొదటి శనివారం దొరవారిసత్రం పోతాడు. వర్షమైనా జ్వరమైనా పోతాడు. హజరత్తయ్య తాతతో కలిసి భోంచేసి, సాయంత్రం బస్సుకి వస్తాడు. ఆ స్నేహం చూసి మా ఇంట్లో అందరం మురిసిపోయేవాళ్ళం.

అప్పుడే ఫోన్ మోగింది. నా ఫోన్. వీడియో కాల్. ఆదిశేషమ్మవ్వ మొహం, ఆ పక్కన తెల్లటి దిండు, దాని మీద హజరత్తయ్య తాత. మూతి మీది ఆక్సిజన్ మాస్కు ఆయనే చేత్తో పక్కకి లాగాడు.

"జీవా ఉండాడా? ఏమ్రా, దొరకలా?"

తాత తల దించుకున్నాడు. నేను పానా వీపు వెనక దాచాను, ఎందుకు దాచానో నాకు తెలీదు.

"దొరక్కపోతే పొయిందిలే," అన్నాడు హజరత్తయ్య తాత. ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "నేనే తీసుకునుంటా. నా చేత్తోనే జరిగుంటది. నువ్వు ఎండలో తిరగబాక. ఊరంతా నవ్వినా, నువ్వొక్కడివే నమ్మినావు నన్ను. నేను తియ్యలేదని నువ్వొక్కడివే ఎప్పుడూ అన్నావు. అది చాలు నాకు."

అవ్వ ఫోన్ తన వైపు తిప్పుకుంది. "డాక్టర్లొచ్చినారు, బైటికి పొమ్మంటా ఉండారు. అన్నా, గంటాగి మళ్ళీ చేస్తా. దొరికినా దొరక్కపోయినా ఉన్నదున్నట్టు ఆయనకే చెప్పు. ఇంకోసారి అడగతాడో లేదో తెలీదు." కట్ అయింది.

అది నేను ఇదంతా రాయడం మొదలుపెట్టకముందు సంగతి. ఇంకో పది నిమిషాలుందేమో.

టైటస్ తాత ఇందాక నా దగ్గరికి వచ్చి, "దొరకలేదని చెప్పు పాపా. పొయ్యే ప్రాణానికి ఉన్న ఒక్క నమ్మకాన్ని గూడా తియ్యబాక," అన్నాడు. నాలుగడుగులు పోయి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "అట్టా చెప్తే వాడు నేనే చంపినా అనుకుని పోతాడు. ఆ పాపం మనకి వొద్దు. చెప్పెయ్." మళ్ళీ లారీ దగ్గరికి పోయాడు. అప్పటి నుంచి మొహం రుద్దుకుంటూనే ఉన్నాడు.

తాత నాతో అన్నది ఒక్కటే. "నాకు నోరు రాదు అబీ. నువ్వు ఏం చెప్తే అదే." అని తన చిన్న చాకు నా ఒళ్ళో పెట్టి పోయాడు. దాని పిడికి కూడా ట్యూబే. ఎందుకు పెట్టాడో అడగలేకపోయాను. ఈ చాకుతో గీకితే ఆ నల్లటి ముక్క రెండు నిమిషాల్లో ఊడి వచ్చేస్తుంది. అది లేకపోతే ఇది ఎవరి పానా అయినా కావచ్చు, పదిహేడో నంబరు వాడిదే కావచ్చు. దాన్ని అలాగే ఉంచి కెమెరా ముందు పెట్టానా, హజరత్తయ్య తాతకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ చుట్టు చూడగానే గుర్తుపడతాడు. తను చంపలేదని తెలుస్తుంది. నమ్మిన ఆ ఒక్కడు ఎందుకు నమ్మాడో కూడా తెలుస్తుంది.

పనివాళ్ళు మిషను మళ్ళీ ఆన్ చేశారు. వంకర రివెట్టు ఉన్న ముక్క లారీకి ఎక్కింది. పానా నా కుడిచేతిలో ఉంది, చాకు ఒళ్ళో ఉంది, తాత అటు తిరిగి కూర్చునే ఉన్నాడు.

ఫోన్ మోగుతోంది. ఆదిశేషమ్మవ్వే.

మీరైతే ఏం చేస్తారు?